వంతెన మీద మూరెడు ఊలు

మా పెద్దనాన్న కోతలకు దేవుడు కూడా కోప్పడడని మా అమ్మ అనేది. ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీకొట్టులో, నేను పక్కనుండగా ఆయన కోసిన ఆఖరి కోత ఇది. ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్లంతా కలిసి ఆస్పత్రి ముందున్న వంతెన కమ్మీలకు రంగురంగుల ఊలు అల్లి తొడుగుతున్నారు, ఇంటికో మూర చొప్పున. పెద్దమ్మ తన మూరలో సగం అల్లి, జబ్బుచేసి ఆ ఆస్పత్రిలోనే మంచాన పడింది. మిగతాది తనే పూర్తి చేస్తానని పెద్దనాన్న ఆవిడకు మాటిచ్చాడు.

"అల్లేశానర్రా! మూరెడే కదా, టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి ఆగితేనా! కరెంటు స్తంభాలకు మేజోళ్లు తొడిగా, వంతెన కాళ్లకు లాగులు కుట్టా..."

"కుట్టావా, అల్లావా బాబాయ్?" అన్నాడు బస్సు డ్రైవరు.

"అడ్డురాకురా! నిన్న నీ బస్సు దాని మీద పోతే పిల్లి నడిచినంత చప్పుడైనా అయిందా? అది చూసి కింద ఏటికి కుళ్లు పుట్టింది. నాకూ చలేస్తోంది పెద్దాయనా అని ఒకటే ఏడుపు. సరే ఏడవకని దానికో మఫ్లరు అల్లా, ఈ మలుపు నుంచి సముద్రం దాకా. చేపలు చెమటలు కక్కుతూ ఒడ్డుకొచ్చి, విసనకర్ర ఉందా అని..."

"నీళ్లలో చేపకు చెమట!" టీకొట్టావిడ నవ్వింది.

"నవ్వు, నవ్వు. అంత ఊలు ఎక్కడిదని అడగవేం? ఓ మబ్బు కొస దొరికింది, పట్టుకుని లాగేశా. మబ్బులన్నీ ఊడొచ్చేశాయి. మూడు రోజులుగా వాన లేదు, గమనించారా?"

బయట వాన పడుతూనే ఉంది.

బల్ల చివర నర్సు గ్లాసు కింద పెట్టింది. పెద్దమ్మను చూసుకునేది ఆ అమ్మాయే.

"తాతా, ఇందాక మామ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టా. అక్కణ్నుంచి వంతెన కనిపిస్తుంది. అంతా రంగులే, మధ్యలో ఒక్క మూర ఉత్త ఇనుము."

పెద్దనాన్న నర్సు వైపు తిరిగాడు. "ఏమంది?" అన్నాడు.

"'సూది లాగేసి ఉంటాడు, నేనల్లిందీ ఊడిపోయుంటుంది' అంది. 'చూశానని ఆయనకు చెప్పకమ్మా, రోజూ వచ్చి ఆ అల్లిక కబుర్లు ఎంత బాగా చెబుతాడో' అంది. నాకే మనసొప్పలేదు తాతా. ఎక్కువ రోజులు లేవంటున్నారు డాక్టరు."

ఆయన జేబులోంచి, అల్లిక ఊడిపోయి ఉంగరాలు తిరిగిన ఊలు ముద్ద తీశాడు.

"మళ్లీ ఎప్పుడు కూర్చోబెడతావు?"

"రేపు పొద్దున, ఎనిమిదింటికి."

"అమ్మాయ్, నీకు అల్లిక వచ్చా?" అని టీకొట్టావిడను అడిగాడు.

ఆవిడ పొయ్యి తగ్గించి చేతులు తుడుచుకుంది. "ముందు ఆ చిక్కు తియ్యి బాబాయ్."

పెద్దనాన్న తల వంచుకుని చిక్కు తీస్తూ కూర్చున్నాడు.