రాష్ట్రపతి కల్యాణం

అరసవల్లి గుడి వెనక వీధిలో దాసుగారిల్లు. రేపు గణతంత్ర దినం. తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి హరికథ చెప్పమని వీధి కమిటీవాళ్ళు పిలిచారు. సాధన కోసం కాళ్ళకి గజ్జెలు కట్టుకున్న దాసుగారు, ఉన్నట్టుండి పీటమీద కూలబడ్డారు.

“ఏటండీ, పాట ఆగిపోనాది?” అంది భార్య.

“కొంప మునిగిందే! హరికథంటే సివర్న పెళ్ళి సేసి మంగళం పాడాల కదా. ఈయనకి పసితనంలోనే పెళ్ళయిపోనాది. కథ మొదలెట్టగానే మంగళం పాడీమంటావా?”

“పెళ్ళి మానీండి.”

“నిరుడు ఇంకో కథలో మానీసి సూసేను కదే! పెళ్ళి లేదని తెలిసి ఆడోళ్ళంతా సగంలోనే లేసి ఎల్లిపోనారు. ఈసారీ అలాగయితే, పైఏడు నా బదులు మేజిక్కు పెడతామన్నారు.”

“ఈయన గాంధీగారి వెనక నడిసేరు, జైలుకెళ్ళేరు. సివరికి అందరి ముందూ ప్రమాణం సేసేరు కదా?”

“సేసేరు.”

“పెళ్ళంటే ఏటండీ మరి? పదిమంది ముందు మాటిచ్చి నిలబెట్టుకోడమే కదా?”

దాసుగారి కాలిగజ్జె ఘల్లుమంది.

“మరి పెళ్ళికూతురో?”

“దేశం.”

“శివశివా! ఇంట్లో ఇల్లాలుండగా రెండో పెళ్ళేటే?”

“కృష్ణుడికి ఎనిమిదో పెళ్ళి సేసినప్పుడు ఈ బెంగ లేదేటి మీకు?”

దాసుగారు గబుక్కున లేచి చిడతలు అందుకున్నారు.

“అయితే అక్షింతలు కలుపు. జనానికి పంచాల.”

“పొద్దున్నే కలిపీసేను. నిరుడు తప్ప, మీరు పెళ్ళి సెయ్యకుండా ఎవరినొదిలేరు గనక?”