మార్షల్ స్టోక్స్ పట్టిన దొంగలు

నలభై నిమిషాలు. ఇంజనుకి నీళ్లు పట్టి, ఇరుసులకి చమురు పోసి, బండి మళ్లీ కదలడానికి పట్టే వేళ అంతే. ఆలోపల హొరేస్ పెల్ ఒక మనిషిని వెతికి పట్టుకోవాలి, ఆయన కడుపులో ఏముందో కనుక్కోవాలి. ఉన్నది మంచిదైతే ఆయన్ని స్టేషనుకి తీసుకుపోవాలి. కాకపోతే నోరు మూసుకుని ఒక్కడే తిరిగి రావాలి. లవీనియా ప్రైస్ పలక మీద రాసి చూపించిన మాట అదే. గొంతులో పుండు లేచి ఆవిడకి మాట పోయి ఆర్నెల్లయింది. ముప్పై ఏళ్లు స్టేజి మీద రాణులకీ, బిచ్చగత్తెలకీ గొంతిచ్చిన మనిషి ఇప్పుడు చిన్నపిల్లలా పలకా బలపం పట్టుకుని, ఇదే బండిలో కాలిఫోర్నియాలో చెల్లెలి ఇంటికి పోతోంది. మంచు పడేదాకా ఉంటే గొప్పే అని డాక్టరు హొరేస్‌ని పక్కకి పిలిచి చెప్పాడు.

"నేను నవ్విన సంగతి ఎఫ్రైమ్ ఇంకా మనసులో పెట్టుకున్నాడేమో చూసి రా. పెట్టుకోకపోతే పిలుచుకు రా. పెట్టుకుంటే నా పేరెత్తకు" అని రాసింది ఆవిడ.

ఆ నవ్వు సంగతి హొరేస్‌కి బాగా తెలుసు. ఇరవై రెండేళ్ల కింద ఇదే మెర్సీ వెల్స్ ఊళ్లో, నాటకశాల నిండా జనం ముందు, తనని ప్రాణంగా చూసుకున్న ఊరి పోలీసు అధికారి, మార్షల్ ఎఫ్రైమ్ మొహం మీదే పకపకా నవ్వింది లవీనియా. ఆ రాత్రే ఆ మనిషి ఊరొదిలి పారిపోయాడు, నాటకాల వాళ్లు వెళ్లిపోయాకే తిరిగొచ్చాడట. పెళ్లి మాట అక్కడితో సరి.

ఎఫ్రైమ్ స్టోక్స్‌ని పెద్దగా వెతకక్కర్లేకపోయింది. స్టేషనుకి ఎదురుగా, ప్రూయిట్టమ్మ కొట్టు అరుగు మీద, తెల్లమీసాల ముసలాయన ఒక పీపా మీద కూచుని, గొలుసుకి వేలాడే చిన్న తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ ఏవో కోతలు దంచుతున్నాడు. ఉద్యోగం పోయి పదేళ్లయినా అందరూ మార్షల్ అనే పిలుస్తారు. గనుల్లో వెండి అయిపోయాక పాతవాళ్లంతా తలోదారి పట్టారు. ఆనాటి ముచ్చట కళ్లారా చూసినవాడు ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు, అందుకే ముసలాయన నోటికి అడ్డూ ఆపూ లేదు. ఎదురుగా గాడిదలు తోలే జెంకిన్ కాళ్లు బారజాపుకుని వింటున్నాడు.

హొరేస్ కాఫీ ఒకటి అడిగి తీసుకుని మెట్టు మీద చతికిలబడ్డాడు.

"అయ్యా మార్షల్ గారూ, మీరెప్పుడో ఇక్కడ నాటకశాలలో ఎవరినో పట్టుకున్నారని విన్నాను, నిజమేనా?"

"అదా!" ముసలాయన కళ్లు వెలిగాయి. "పెద్ద విశేషమేం కాదులే బాబూ. ముగ్గురు దొంగలు, అంతే. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, కావాలంటే ప్రూయిట్టమ్మని అడుగు."

"నన్నడక్కు బాబూ, నాకు చెప్పడానికి నోరు చాలదు" అంది ప్రూయిట్టమ్మ లోపలినుంచి.

"విన్నావుగా. అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. ఊరికి నాటకాల కంపెనీ దిగింది. అందులో లవీనియా ప్రైస్ అని ఒక అమ్మాయి. ఏం చెప్పమంటావు, ఆవిడ రోడ్డు మీద నడుస్తుంటే గుర్రాలు మేత మానేసి చూసేవి. అంతమంది మొనగాళ్లుండగా ఆవిడ ఎవరి చేత డబ్బాల్లో వచ్చే పీచ్ పళ్లు తెప్పించుకునేదనుకున్నావు? నా చేత! పదిహేను రోజులు, రోజుకో డబ్బా, నేనే మూత తీసి ఇచ్చేవాణ్ణి. ఇక్కడే, ఈ అరుగు మీదే కూచుని తినేది. సరే, ఆ రోజు నాటకంలో మూడో అంకం. నేను ముందు వరసలో ఉన్నాను. ఇంతలో ఆ అమ్మాయి జుట్టు పట్టుకుని ఏడుగురు దొంగలు..."

"ముగ్గురన్నారుగా?" అన్నాడు జెంకిన్.

"లోపలికొచ్చింది ముగ్గురు, కిటికీల్లో నలుగురు. లెక్క నీకు రాకపోతే నన్నేం చేయమంటావురా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుపాకీ తలుపు దగ్గర వదిలిపెట్టాలి కదా నాటకశాలలో, నా దగ్గర ఒక్క గుండు కూడా లేదు. కానీ నాకేమిటి! ఎగిరి స్టేజి మీద పడ్డాను. పడ్డ ఊపుకి బల్లలు విరిగాయి, బల్లలు విరిగేసరికి కింద దాక్కున్న మరో ఏడుగురు బయటపడ్డారు."

"పద్నాలుగు" అన్నాడు జెంకిన్ వేళ్లు మడుస్తూ.

"వాళ్ల నాయకుడు చూడు, బారెడు మీసం, తాటిచెట్టంత మనిషి. వాడు కాల్చాడు. ఆ గుండుని నేను టోపీతో కొట్టాను, అది వెళ్లి దీపానికి తగిలి, దీపం మీంచి గంటకి తగిలి, గంట మీంచి తిరిగి వాడి తుపాకీ గొట్టంలోకే దూరిపోయింది! వాడు తుపాకీ దులిపి చూసుకుంటున్నాడు, ఇంతలో బయట కట్టేసిన నా గుర్రం, పేరు డచెస్, తలుపు తన్ని లోపలికొచ్చి ఏడుగుర్ని తొక్కి పడేసింది. జనం ఒకటే చప్పట్లు. డచెస్ వంగి దండం పెట్టింది. కంపెనీ ఓనరు దాన్ని నాటకాల్లోకి పంపమని నా కాళ్లావేళ్లా పడ్డాడు."

జెంకిన్ పొట్ట పట్టుకున్నాడు. హొరేస్‌కి మాత్రం నవ్వు రాలేదు. స్టేషను వైపు చూశాడు. నీళ్ల గొట్టం ఇంకా ఇంజను మీదే ఉంది.

"ఆ అమ్మాయి ఏం చేసింది, మార్షల్ గారూ?"

తాళంచెవి ఒక్క క్షణం ఆగింది.

"ఆ అమ్మాయా? ఏం చేస్తుంది! ఏడ్చింది. కృతజ్ఞతతో ఏడ్చింది." మళ్లీ తాళంచెవి గిరగిరా తిరిగింది. "ఇంతలో పైకప్పు మీంచి మరో ఏడుగురు తాళ్లు పట్టుకుని జారారు. మొత్తం ఇరవై ఒక్కమంది. నా దగ్గరున్నది ఒక్క జత బేడీలు! ఎవరైతే ఏం చేస్తారు? నేను నాయకుడి చేతికి బేడీ వేసి, రెండోది వాడి మీసానికి వేసి..."

"మీసానికా!"

"మీసానికే! అలా వాణ్ణి తిప్పుతుంటే వాడి కాళ్లు తగిలి మిగతా ఇరవైమందీ వరసగా పడిపోయారు. జైలు చాలక పదిమందిని బ్యాంకులో, పదిమందిని చర్చిలో పెట్టాం. ఆ బేడీల తాళంచెవి ఇదే. గవర్నరు వచ్చి అడిగినా ఇవ్వలేదు."

"అయితే ఆ అమ్మాయి..." అన్నాడు హొరేస్ మళ్లీ. "ఆ తర్వాత కూడా ఏడుస్తూనే ఉందా?"

"నీకెందుకయ్యా అస్తమానం ఆవిడ గొడవ? ఏడ్చిందంటే ఏడ్చింది. వారం రోజులు ఏడ్చింది. ఆ వెనక వాగుందే, ఎప్పుడూ చుక్క నీరు లేని వాగు, ఆవిడ కన్నీళ్లకి పొంగి పొర్లింది. చేపలు పట్టారు జనం!"

"మరి ఇప్పుడు ఎండిపోయిందేం?" అన్నాడు జెంకిన్.

"ఆవిడ వెళ్లిపోయిందిగా" అన్నాడు మార్షల్.

ఎవరూ నవ్వలేదు. ఆ మాట కోతల్లో మాటలా పలకలేదు. ముసలాయన కూడా అది తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు పక్కనున్న కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. ప్రూయిట్టమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

హొరేస్ ఇక ఆగలేకపోయాడు. నవ్వు అన్న మాట నోట రాకుండా ఇరవై ఒక్కమంది దొంగల్నీ, గుర్రాన్నీ, వాగునీ పుట్టించుకున్నాడంటే, ఈయన మర్చిపోయినట్టా, ఒక్క పూటైనా మర్చిపోలేనట్టా? మనసులో పెట్టుకునుంటే పేరెత్తకుండా లేచి వచ్చెయ్యమంది లవీనియా. కానీ స్టేషనులో నీళ్ల గొట్టం పైకి లేచింది, ఇక వేళ లేదు.

"ఏడవలేదు మార్షల్ గారూ" అన్నాడు. "నవ్వింది."

"ఎవరు నువ్వు?"

"ఇరవై ఒక్కమంది లేరు. ఏడుగురూ లేరు. ఉన్నది ఒక్కడే, వాడూ దొంగ కాదు, దొంగ వేషం కట్టిన హొరేస్ పెల్. నేనే. మీరు అంతకుముందెప్పుడూ నాటకం చూడలేదు. నేను లవీనియా జుట్టు పట్టుకుంటే నిజమనుకుని స్టేజి మీదికి దూకి నాకు బేడీలు వేశారు. నా మీసం, జిగురుతో అంటించింది, మీ చేతిలోకి ఊడొచ్చింది. మీరు దాన్ని పైకెత్తి జనానికి చూపించి, 'మారువేషం! వీడు మారువేషంలో ఉన్నాడు!' అని అరిచారు."

జెంకిన్ నోట్లో కాఫీ బయటికి చిమ్మింది. అరుగు మీద దొర్లి దొర్లి నవ్వాడు. "మీసం... మారువేషం... అయ్యబాబోయ్!" ప్రూయిట్టమ్మ కూడా కొంగులా ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన మొహంలో నెత్తురు లేదు. పీపా మీంచి లేచి, దారెటో తెలియనివాడిలా అటూ ఇటూ చూశాడు. ఆనాడూ సరిగ్గా ఇలాగే చూశాడు. చేసిన పనికి హొరేస్ తనని తాను తిట్టుకున్నాడు.

"నోరు ముయ్యరా!" అని జెంకిన్‌ని కసిరి, భుజాన ఉన్న సంచిలోంచి తుప్పు పట్టిన బేడీలు తీసి ముసలాయన ముందు పెట్టాడు. "మీరు తాళంచెవితో పారిపోయారు. మూడు రోజులు చేతులకి ఇవి పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను. ఆఖరికి పంది కొవ్వు పూసి లాగారు. ఆ మూడు రోజులూ లవీనియా ఏం చేసిందో తెలుసా మీకు? పెట్టె సర్దుకుని గుర్రబ్బండి ఆగేచోట బల్ల మీద కూచుంది. మీరొస్తారని రెండు బళ్లు వదిలేసింది. మూడోది ఎక్కక తప్పలేదు."

"అబద్ధం" అన్నాడు మార్షల్. "నువ్వు కూడా నన్ను ఆడించడానికే వచ్చావు."

"ఆ తర్వాత మీరు స్టేజి మీదికి దూకిన ఘట్టం కూడా నాటకంలో కలిపేశాం. ఇరవై రెండేళ్లు, ఊరూరా. ఇవే బేడీలు, తాళం పడ్డవి పడ్డట్టే. కాకపోతే ఆవిడ ఒక్కటి మార్చింది. మా నాటకంలో ఆ పిల్ల నవ్వదు. వచ్చి మార్షల్ చెయ్యి పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్లు స్టేజి మీద నవ్వకుండా నిలబడింది మార్షల్ గారూ, మీకోసం. ఇప్పుడు ఆ రైల్లో ఉంది. మీరు క్షమించారో లేదో చూసి రమ్మంది."

ముసలాయన తాళంచెవిని బేడీలో పెట్టాడు. తుప్పుకి కాసేపు మొరాయించి, టక్కున తెరుచుకుంది. అదే క్షణాన ఇంజను కూత వేసింది.

మార్షల్ ఎడమ మోకాలు ఏనాడో చెడింది. అయినా ఆ మోకాలితోనే అరుగు దిగి, రోడ్డు దాటి, టోపీ ఎక్కడ పడిందో చూడకుండా, తెరిచిన బేడీలు చేత్తో పట్టుకుని పరుగెత్తాడు. వెనక హొరేస్, హొరేస్ వెనక జెంకిన్. వాళ్లు ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి కదిలింది. చివరి పెట్టె వెనక వాకిట్లో, కటకటాలు పట్టుకుని, బూడిదరంగు శాలువా కప్పుకున్న సన్నటి ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో పలక.

"లవీనియా!" అని అరిచాడు మార్షల్. స్టేషనులో ఉన్న మూటల వాళ్లూ, టిక్కెట్ల ఆయనా అందరూ తిరిగి చూశారు. "లవీనియా! ఇరవై ఒక్కమంది లేరు! ఒక్కడే! వాడూ దొంగ కాదు! మీసం నా చేతిలోకి ఊడొచ్చింది! నేను దాన్ని పైకెత్తి చూపించాను! ఇలాగ!" బేడీలు పట్టుకున్న చెయ్యి ఆకాశంలోకి ఎత్తి ఊపాడు.

ఆవిడ చేతిలోని పలక పట్టాల మీద పడి పగిలింది. నోరంతా తెరిచి, భుజాలు కదిలిపోతుంటే, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ తుడుచుకుంటూ ఆవిడ ఆయన్నే చూసింది. బండి మలుపు తిరిగేదాకా చూసింది. ఈసారి ఆయన ఎక్కడికీ పారిపోలేదు.

పొగ విడిపోయింది. మార్షల్ ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

"నవ్వింది కదూ, హొరేస్?"

"నవ్వింది."

"నాకు వినపడలేదు."

"గొంతు పోయింది అయ్యా ఆవిడకి. ఆర్నెల్లయింది. ఇక రాదు. ఎక్కువ రోజులు కూడా లేవన్నాడు డాక్టరు."

ముసలాయన పట్టాల వైపు తిరిగాడు. "ఇరవై రెండేళ్లు పొద్దున లేస్తే ఆ నవ్వే నా చెవుల్లో. వద్దన్నా మోగేది. అది వినపడకుండా ఉండడానికే ఈ సొదంతా వాగేవాణ్ణి. ఇవాళ విందామనుకుంటే..."

టిక్కెట్ల ఆయన దగ్గరికొచ్చి, అటువైపు బండి మళ్లీ గురువారమేనని చెప్పాడు. అంటే మూడు రోజులు.

మార్షల్ గోడవారనున్న బల్ల మీద కూచున్నాడు. బేడీలు ఒళ్లో పెట్టుకున్నాడు. హొరేస్ పక్కనే కూచున్నాడు. ఇంటికెళ్లి పడుకుని గురువారం రావచ్చు కదా అని ఎంత చెప్పినా ఆయన వినలేదు.

సాయంత్రం ప్రూయిట్టమ్మ రొట్టే, బీన్సూ, ఒక డబ్బా పీచ్ పళ్లూ ఇచ్చి పంపింది. అవి తెచ్చిన జెంకిన్, పొద్దున నవ్విన సిగ్గుతో కాసేపు నసిగి, మామూలుగా అడిగితే మామూలుగా ఏదో ఒక కోత వస్తుందన్న ఆశతో అడిగాడు.

"ఏం మార్షల్ గారూ, ఇక్కడ కూచున్నారేం?"

"బండి కోసం" అన్నాడు ఎఫ్రైమ్ స్టోక్స్.