డెబ్బైవేలవ తలుపు

షియోంగ్ అవ్వ టీ కోసం రాలేదు. కొండమీద ఆమె చల్లగిడ్డంగిలో ఏడాది పంట కివీ పళ్లు వేడెక్కుతున్నాయి. చరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. గిడ్డంగిని చల్లబరిచే యంత్రాన్ని ఊళ్లోంచే కంప్యూటర్‌తో నడిపే ఏర్పాటు చేసినవాడు తాంగ్ వెన్‌బిన్. వాడేమో చెంగ్దూ నగరంలో పార్కు టీకొట్లో వెదురుకుర్చీలో వెనక్కి వాలి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, చెవి గుబిలి తీసే ఫాన్ అనేవాడికి కోతలు కోస్తున్నాడు.

"కంగారెందుకవ్వా, గిడ్డంగికి కనెక్షన్ వెళుతోంది, వెళుతోంది! ఫాన్ తమ్ముడూ, నువ్వు విను. సర్వర్‌కి వేలకు వేల తలుపులుంటాయి, పోర్టులంటాం. ఫైర్‌వాల్ అని కాపలా ఒకటి ఉంటుంది, వెబ్ పేజీలు పోయే నాలుగొందల నలభైమూడో తలుపు ఒక్కటి వదిలి అన్నీ బిగిస్తుంది. అందరూ ఆ సందులోంచే దూరతారు. నేను దూరతానా? ఒక బ్యాంకులో ఎవడూ చూడని తలుపు ఎంచి తట్టాను, తెరుచుకుంది."

"అబ్బో!" అన్నాడు ఫాన్.

అవ్వ ఫోన్ మోగింది. గిడ్డంగిలో నాలుగు డిగ్రీలు, ఉండాల్సింది సున్నా. గిడ్డంగి కబురు బయటికి పంపుతోంది, లోపలికి మాత్రం ఎవర్నీ రానివ్వడం లేదు. చదువురాని ముసలిదని పదిమందిలో తాంగ్ అన్న మాట అవ్వ మరిచిపోలేదు. అక్షరాలు రాకపోతేనేం, అంకెలొచ్చు ఆమెకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం అడుగున ఓడ, నీళ్లు రాకుండా తలుపులన్నీ బిగించేశారు, నేను గట్టు మీంచి ముప్పైవేలవది తీశాను, చేపలు కూడా లాగిన్ అయ్యాయి!"

"ఏం చేపలన్నా?"

"పెద్దవే! అంతేనా, తలుపులు అరవై అయిదువేల చిల్లరతో సరి అంటారు చదువుకున్నోళ్లు. నేను గోడకి కన్నం వేసి డెబ్బైవేలవది కట్టాను. ఫైర్‌వాల్ దాన్ని చూసి భోరుమంది!"

మళ్లీ మోగింది. తొమ్మిది.

"తాంగ్, పోయిన వారం దాకా నా గిడ్డంగికి ఏ తలుపులోంచి వెళ్లేవాడివి?" అవ్వ గొంతు పెంచలేదు.

"అదా... అందరూ వెళ్లే నాలుగొందల నలభైమూడే. నాసిరకం. నీ హోదాకి తగ్గట్టు ఎవరికీ తెలియనిది పెట్టానవ్వా."

"పాతదాన్నేం చేశావు?"

"మూసేశా."

"కొత్తది తెరుచుకుంటుందో లేదో చూశాక మూశావా, చూడకుండానా?"

తాంగ్ మీటలు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఫాన్ చేతిలో చెవిపుల్ల ఆగిపోయింది.

"కాపలా... గిడ్డంగి ఫైర్‌వాల్ కొత్త తలుపుని వదలట్లేదవ్వా. నాకూ దారి లేదు."

"ఎవరికీ తెలియని తలుపు పెడతానన్నావు. మాట నిలబెట్టుకున్నావు."

ఫాన్ కిసుక్కుమని నవ్వి, అవ్వ మొహం చూసి మింగేశాడు. అవ్వ లాప్‌టాప్ మూసి తాంగ్ చంకలో పెట్టింది.

"లే. బస్సు చరియదాకా పోతుంది, ఆపైన నడక."

"అవ్వా, నా మోకాళ్లు—"

"నావి నీకంటే ముప్పయ్యేళ్లు పాతవి. ముందు నడు. అక్కడున్నది ఒకటే తలుపు. తాళంచెవి నా దగ్గరుంది."