బెండు మునిగినా లాగబాక

గాలాల మస్తానయ్య అని ఉన్నాడు మా సాగరు కాలవ కట్ట మీద. ఎడం కన్ను చిన్నప్పుడే తుమ్మముల్లు గుచ్చుకుని పోయింది, ఉన్నదొక్కటే కన్ను. ఆ ఒక్క కంటికీ పొర కమ్మిందంట. గాలం వేసేవోడికి దారానికి కట్టి నీళ్ల మీద తేలేసే బెండు కనపడకపోతే ఇంకేం చేపలు పడతాడు? అప్పుడు వాళ్లావిడ చెంచమ్మ ఏంజేసిందంటే, రోజూ పక్కన కూర్చుని బెండు తనే చూసేది. బెండు ఊరికే తొణికితే, 'ఉండు, పరిగెలు కొరకతన్నయ్, లాగబాక' అనేది. చిన్న చేపలు గదా, వాటికి లాగితే ఎర దండగ. బుడుంగున మునిగితే మాత్రం 'లాగు' అనేది, ఈయన లాగేవోడు. అట్టా బతకతా ఉన్నారనుకో.

పొర ముదిరి వెలుగు తప్ప ఇంకేం ఆనకపోయేసరికి, ఆమే ఈయన్ని లాక్కెళ్లి కంటాసుపత్రిలో కూర్చోబెట్టింది. డాక్టరమ్మ మంచిది, విడమరిచి చెప్పిందంట. తాతా, కోసేముందు కంటికి తిమ్మిరెక్కియ్యాల, కంటి పక్కన సూదేస్తే కన్ను కదలదు, నాకు తేలిక, కాకపోతే ఇయ్యాలంతా కట్టుతో ఉండాల. లేదంటే చుక్కల మందేసి పైన కాస్త జిగురుమందు పూస్తా, నొప్పుండదు, కట్టూ ఉండదు. కానీ కన్ను నీ అదుపులోనే ఉంటది, పైన లైటు వైపే చూడాల, నువ్వు ఉలిక్కిపడ్డావా, ఉన్న ఒక్క కన్నూ పోద్ది అందంట. సూది మాట ఇనగానే మనోడికి చెమటలు. ఎన్ని ఎరలకి గాలపు ముల్లు గుచ్చాడో ఆ మనిషి! తనదాకా వచ్చేసరికి, 'అమ్మా, నాకు చుక్కలే పొయ్యి, నీ కాళ్లు పట్టుకుంటా' అంటాడు. నవ్వబాకండి, మీరైతే ఏం జేస్తారు?

డాక్టరమ్మకి అనుమానం. అప్పుడు చెంచమ్మ అందుకుంది. 'ఇంట్లో కుదురుండదు గానీ తల్లీ, చూపున్న రోజుల్లో బెండు మీద కన్ను పెట్టాడంటే మొహాన ఈగ వాలినా కదిలేవోడు కాదు. ఆ లైటే బెండనుకోమందాం. ఒకటే భయం, బెండు మునిగితే లాగతాడు.' డాక్టరమ్మ నవ్వి, లైటెందుకు మునుగుద్దమ్మా అని, ఆమెని తలుపు కాడ నిలబడనిచ్చిందంట.

చుక్కలేశారు, జిగురు పూశారు, మొహం మీద గుడ్డ కప్పారు. మనోడు లైటునే చూస్తన్నాడు. డాక్టరమ్మ పొరని కదిలిస్తంటే లైటు అటూ ఇటూ తొణకతా ఉందంట. మనోడు లోపల్లోపల పరిగెలు, పరిగెలు అనుకుంటన్నాడు. అంతా బానే ఉంది. అంతలో ఏమైందంటే, కరెంటు పోయింది! కత్తి కంట్లోనే ఉంది. లైటు బుడుంగున మునిగింది. గుడ్డ కింద మనోడి కుడిచెయ్యి బిగుసుకుంది, భుజం లేస్తా ఉంది. డాక్టరమ్మ కదలొద్దు తాతా అనేలోపే, తలుపు కాణ్ణుంచి చెంచమ్మ కేకేసింది చూడండి, 'లాగబాకయ్యా! పరిగెలే!' అని. ఆ భుజం మళ్లా కిందకి దిగిందంట. జనరేటరు మొదలయ్యేదాకా ఆమె పరిగెలే, పరిగెలే అంటానే ఉంది, ఈయన ఊపిరి బిగబట్టుకుని పడుకునే ఉన్నాడు.

కట్టు లేకుండానే బయటికొచ్చాడు. ముందు చెంచమ్మ మొహమే చూశాడంట. 'ఏమే, ఇట్టా నల్లబడ్డావేంది?' అన్నాడు. 'ఎండన నీ పక్కన కూర్చుంటే నల్లబడకుండా తెల్లబడతానా' అందామె. ఏడస్తానే అంది, అది వేరే సంగతి.

డాక్టరమ్మ చెప్పినన్నాళ్లూ ఆగి, కాలవకి పోయాడు. ఈమె పోలా, ఇంక నాతో పనేముందిలే అని ఇంటికాడే ఉండిపోయింది. పెద్ద బొచ్చె చేప తగిలింది. బెండు బుడుంగున మునిగింది. నిక్షేపంగా చూశాడు. చూసి? అట్టానే కూర్చున్నాడంట, లాగనే లేదు! లాగు అనే మనిషి పక్కన లేదు గదా. ఆ బొచ్చె గాలపు కర్రతో సహా ఈడ్చుకుపోయింది. ఇంటికొచ్చి, 'రేపట్నించి నువ్వూ రావే' అన్నాడంట. ఏమయ్యా, కనపడతంది గదా అంటే, 'కనపడితే సరిపోద్దా' అన్నాడంట. ఈ రోగానికి ఏ చుక్కలూ లేవబ్బాయ్. ఇద్దరూ ఇప్పటికీ ఆ కట్ట మీదే ఉంటారు. అటుగా పోతే కాస్త నిమ్మళంగా నడవండి, చేపలు బెదరతయ్.