ఇస్త్రీ చేసిన మేజోళ్లు

నూకాలుకి నలిగిన గుడ్డ కనబడకూడదంతే. కనబడిందా, చెయ్యి ఊరుకోదంట. పాతికేళ్లుగా రైల్వే గేటు కాడ ఇస్త్రీ బండి దానిది. పొద్దుట్నుంచీ నిలబడే పని. అలా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయనుకోండి. చీలమండ పక్కన చిన్న పుండు లేచింది. లేచింది లేచినట్టే ఉంది, మూడు నెలలైనా మానలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ కట్టు కట్టి, పిక్క కొలిచి, మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్లు ఇచ్చింది. "మంచం దిగకముందే తొడుక్కో. రక్తం కిందే ఆగిపోతోంది, పైకి ఎక్కాలంటే ఇవి కాలిని బిగించి పట్టాలి. పుండు మానకపోతే ఇంక బండి మాట మర్చిపో" అందంట. మర్చిపోవడమే! బండి కాడ లేకపోతే నూకాలు ఎవరు, చెప్పండి?

సరే, నాలుగు రోజులు తొడిగింది. మూలిగింది, చెమటలు కక్కింది, కానీ వాపు తీసింది. ఐదో రోజు ఏమైందంటే, ఉతకాలి కదా, ఉతికింది. ఉతికితే ముడతలు. ఇంకేముంది, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎర్రగా రాజేసి రుద్దిందమ్మా! అటు తిప్పి, ఇటు తిప్పి, అంచులు కలిపి మడత కూడా పెట్టింది. మర్నాడు కాలు పెడితే జర్రున ఎక్కిపోయాయంట. "సూసినావా మావా, ఇస్తిరీ పడితే ఎంత సుకంగా ఎక్కినాయో! ఆ నర్సమ్మకి గుడ్డ సంగతేటి తెల్సు?" అని మొగుడు పైడయ్య దగ్గర గొప్పలు. వారం తిరక్కుండా కాలు గుమ్మడికాయ. పుండు మళ్లీ నోరు తెరిచింది.

నర్సమ్మ మేజోడు వేలితో లాగి చూసి, దీన్నేం చేశావమ్మా అని అడిగింది. "ఇస్తిరీ" అంది ఇది. "ఆ బిగువే మందు తల్లీ. మందుని కాల్చేసుకున్నావు." కొత్త జత ఇచ్చారు. కాలు వాచిపోయి అవేమో పిక్క ఎక్కవు, దీని నడుమేమో వంగదు. మొగుడి చేత తొడిగించుకో అంటే చెవులు మూసుకుంది. "ఓలమ్మో! మొగుడి సేత కాళ్లు పట్టించుకుంతే నాకు పాపం కాదేటి?" పైడయ్య కొత్త మేజోడు చేతిలోకి తీసుకున్నాడంట. తర్వాత, "ఒలే, నువ్వు నేకపోతే ఆ బండి కాడ నానేటి సెయ్యాల? పాపంలో సగం నాను మోస్తాన్లే, కాలు సాపు" అన్నాడంట.

అప్పట్నుంచి పొద్దున్నే వాళ్ల తలుపు మూసుంటుంది. లోపల్నుంచి ఒకటే కేకలు. "మడమ కాడ ఇరుక్కుంది, లాగు మావా!" "కదలకే, జారిపోతంది!" వీధి వీధంతా వినేది, ఈ వయసులో వీళ్లకిదేం సరదా అని ముసిముసి నవ్వులు నవ్వేది. నవ్వనీ. రెండు నెలలకి పుండు మూసుకుంది. నూకాలు బండి కాడే ఉంది, కావాలంటే వెళ్లి చూసుకోండి.

ఈ కథ మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ చాలా బాగుందన్నాడు. తన కాళ్లు నా ఒళ్లోకి చాపుకునే అన్నాడనుకోండి.