పన్నెండో దొర బొమ్మ

1941 జూలై 20, ఆదివారం. తెల్లవారక ముందు నుంచే ముసురు. హిమాయత్‌సాగర్ మీదుగా వచ్చిన మబ్బు శంషాబాదు మీద చతికిలబడి లేవనంటోంది. గాలి లేదు, పెద్ద వానా కాదు, చొక్కా ఒంటికి అతుక్కునేంత తుంపర. మా ఊరి ఉందానగర్ స్టేషన్ పక్కన పెంటయ్య చాయ్ హోటల్ పందిరి కింద కొండల్ నోరు తెరిచాడు. మధ్యాహ్నానికి వాన ఆగింది గాని ఆ నోరు ఆగలేదు.

ఎదురుగా బల్ల మీద గోపయ్య కూర్చున్నాడు. చాయ్ చల్లారి మీగడ కట్టింది. అతని చూపు కొండల్ మీద లేదు, పక్కనే గొంగడి కప్పుకుని నవ్వుతున్న మేనమామ రామచంద్రయ్య మీద ఉంది. గోపయ్య చెప్పిన ఏ మాటకూ మామ ఎన్నడూ అట్లా నవ్వలేదు.

రామచంద్రయ్య రైల్వేలో గార్డు పని చేసి దిగిపోయిన మనిషి. పిల్లలు లేరు. ఇద్దరు అక్కల కొడుకులే ఈ గోపయ్యా, కొండలూ. ఆయన దగ్గర ఒక బిస్కట్ల డబ్బా ఉండేది, దాన్నిండా ఆటగాళ్ళ బొమ్మలు. ఆ కాలంలో సిగరెట్ పెట్టెలో చిన్న అట్టబొమ్మ పెట్టేవారు, ఒక పక్క క్రికెట్ దొర, వెనక పక్క ఆయన చరిత్ర. మా శంషాబాదులో పెట్టె సిగరెట్లు కొనేంత మారాజులు ఎవరున్నారు? అందరివీ బీడీలు, చుట్టలు. ఇప్పుడు విమానాలు దిగుతున్న చోట అప్పుడు సీతాఫలం పొదలు, వాటి మధ్య మేకలు. కాబట్టి బొమ్మలు రైల్లోంచే రావాలి. ఇంజను నీళ్ళు పట్టుకునేలోగా ఫస్టు క్లాసు దొరలు ఖాళీ పెట్టె కిటికీలోంచి విసిరేవారు. కింద కాచుకున్న వాళ్ళలో ఎవడు ముందు కాలు వేసి తొక్కితే పెట్టె వాడిది. ఎవరూ రాయని కట్టుబాటు అది, ఎవరూ తప్పనిది. అందుకే మా ఊరి బొమ్మల్లో నలగని దొర ఒక్కడూ ఉండడు.

ప్రపంచ లడాయి మొదలై కాగితం కరువయ్యేసరికి పెట్టెల్లో బొమ్మలు బందయ్యాయి. మామ డబ్బాలో ఒక్క బొమ్మ తక్కువైపోయింది. అది వంద పరుగుల హార్లండ్ దొర బొమ్మ కాదు. హార్లండ్ అందరి దగ్గరా ఉన్నాడు, ఎందుకంటే ఆయన్ని అందరూ దాచుకున్నారు. లేనిది పిమ్ము దొర బొమ్మ. పన్నెండో ఆటగాడు. పదకొండు మంది ఆడుతుంటే వాళ్ళకు మంచినీళ్ళు మోసేవాడు. రైలు చివర గార్డు డబ్బాలో ఎవరి కంటా పడకుండా బతుకు వెళ్ళదీసిన మామకు ఆ మనిషి మీద ఎందుకో మనసు. "పిమ్మును తెచ్చినోనిదేరా ఈ డబ్బా" అని ఉగాదినాడు అందరి ముందూ అనేశాడు. అప్పటినుంచి గోపయ్యకు నిద్ర సరిగ్గా లేదు. చిన్నప్పటి నుంచి ఆ డబ్బా మూత చప్పుడు వింటే చాలు, అతని ప్రాణం లేచి వచ్చేది. అటువంటిది ఇవాళ పిమ్ము దొర వచ్చి కొండల్ జేబులో కూర్చున్నాడు.

"ఎట్ల దొరికిందిరా?" అన్నాడు పెంటయ్య.

"ఏముందన్నా, చిన్న ముచ్చట" అన్నాడు కొండల్. "నేనీడ ప్లాట్‌ఫారం మీద నిలవడ్డ. మెయిల్ ఆగింది. కిటికీల పొడుగు మొకం దొరొకాయన కూసున్నడు. చేతిల సిగరెట్ పెట్టె ఉన్నది. అడుగుదామనేలోపట బండి కదిలింది. ఇగ నేను ఊకుంటనా, దాని పక్కపొంటి ఉరికిన. తిమ్మాపూర్ దాటిన, ఇంజను ముందట ఉరుకుతున్న, డ్రైవర్ సాబ్ సీటీ కొట్టి 'జర పక్కకు జరుగు కొండల్, బండికి దారియ్యి' అంటడు. షాద్‌నగర్ల బండి ఆగేసరికి నేను మొకం కడుక్కొని, నెత్తి దువ్వుకొని నిలవడ్డ. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా?"

"చెప్పురా, చెప్పు" అన్నాడు మామ, గొంగడి సర్దుకుని ముందుకు వంగి.

"దొర దిగిండు. ఎవరనుకున్నరు? పిమ్ము దొరనే! 'కొండల్, నన్ను ఔట్ జెయ్యి, నా బొమ్మ నా చేత్తోని నీకిస్త' అన్నడు."

"నీ పేరు ఆయనకెట్ల తెలుసు?" అన్నాడు గోపయ్య. నవ్వించాలని కాదు, పొడవాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"డ్రైవర్ సాబ్ పిలుస్తుంటే ఇనడా గోపన్నా? చెవులు లేవా దొరకు? సరే, బాల్ ఏది? సంతల ఎలగకాయ కొన్న. ఇసిరిన. దొర గొడుగుతోని కొట్టిండు మామా, అబ్బబ్బ, ఇన్నేండ్లు నీళ్ళు మోసిన కసంత ఆ దెబ్బల ఉన్నది! ఎలగకాయ మొగులు మీదికి పోయింది. పోయింది పోయింది, రాజేంద్రనగర్ దిక్కు పోయింది. బౌలర్ నేనే, పట్టెటోన్ని నేనే. తిరిగి ఉరికిన. సంతంత ఎడ్లబండ్లెక్కి చూస్తున్నది. మీదికెల్లి బేగంపేటకు పోతున్న ఇమానం గూడ ఆగి చూసింది."

"ఇమానం ఎట్ల ఆగుతదిరా, బండి ఎద్దా?" అన్నాడు పెంటయ్య.

"నడిపెటోనికి ఆటంటే పాణమన్నా. ఏం జేస్తడు పాపం? ఇగ ఇను. ఉరుకుడంటే ఉరుకుడు గాదు, కొత్వాల్‌గూడ కాడికొచ్చి మీదికి చూస్తే ఎలగకాయ ఇంక ఎనకనే ఉన్నది! నేనే దాన్ని దాటొచ్చిన. ఇగ రాజేంద్రనగర్ల కూసోని, చాయ్ తాగి, ఒక కునుకు తీసి లేసేసరికి అదొచ్చింది. ఒంటి చేత్తోని పట్టిన."

మామ నవ్వి నవ్వి దగ్గాడు. గోపయ్య తన చల్లారిన చాయ్ వైపు చూసుకున్నాడు.

"దొర అలుముకొని ఏడ్సిండు మామా. 'జిందగీల నాకెవ్వడు బాల్ ఎయ్యలే కొండల్, నువ్వొక్కనివే ఏసినవ్. లండన్ రా, హార్లండ్‌ను తీసేసి నిన్ను పెట్టిస్త' అన్నడు. మా బర్రె ఈనెటట్టున్నది దొరా, ఇప్పుడు వీలుగాదన్న. అప్పుడు జేబులకెల్లి ఈ బొమ్మ తీసి, రెండు చేతులతోని ఇచ్చిండు. శంషాబాదుల ఎవ్వని కాలు సోకని బొమ్మ ఇదొక్కటే. సూడుండ్రి!"

బొమ్మ పెంటయ్య చేతికి వెళ్ళింది, మామ చేతికి వెళ్ళింది. మామ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, మనసు రాక రాక గోపయ్యకు ఇచ్చాడు.

పొడుగు ముఖం, పెద్ద చెవులు, చేతిలో బ్యాటు కూడా లేదు. ఇటువంటివాడి కోసమా నాకు నిద్ర పోయింది అనుకున్నాడు గోపయ్య. అయినా చేతిలోంచి వదలబుద్ధి కాలేదు. వెనక్కి తిప్పాడు. అట్ట మీద నెలవంకలా లోతుగా నొక్కు, దాని మీద మూడు మేకుల గుంటలు.

గోపయ్య కిర్రుచెప్పులకు శంషాబాదులో పేరుంది. మడమలు అరగకుండా ఎద్దు కాలి ఇనప నాడా కోసి, మూడు మేకులతో కొట్టించుకున్నాడు. కొండల్‌కు చెప్పులే లేవు. గోపయ్య కుడికాలి చెప్పు తీసి, బల్ల మీద బోర్లించి, బొమ్మను నాడా మీద ఆనించాడు. నెలవంకలో నెలవంక కూర్చుంది.

"ఎవ్వని కాలు సోకలేదా?" అన్నాడు. "ఇది నా కాలు! షాద్‌నగర్ లేదు, ఎలగకాయ లేదు. తొక్కినోన్ని నేను. కాలేసినోనిదే పెట్టె. మామా, డబ్బా నాది!"

పెంటయ్య పడీ పడీ నవ్వాడు. "ఇమానం దిగిపోయిందిరా కొండల్!" కొండల్ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకాడు. ఇన్నేళ్ళకు కొండల్ నోటికి మాట రాని క్షణం చూసిన గోపయ్యకు కడుపు నిండింది.

రామచంద్రయ్య మాత్రం నవ్వలేదు. "నిజమేరా గోపీ, నీ కాలే. మరి నీ కాలి కిందికెల్లి వాని జేబులకు ఎట్లొచ్చిందిరా?"

"నేనే పారేసిన" అన్నాడు గోపయ్య, ఇంకా ఆ ఊపులోనే. "ఉగాదికి ముందటి ముచ్చట. హార్లండ్ అనుకొని ఇప్పిన. సూస్తే ఎవ్వడో మొకం తెల్వనోడు..."

మాట నోట్లోంచి బయటపడ్డాక గాని అది అతని చెవిన పడలేదు.

పందిరి అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామ బొమ్మను అందుకుని, గొంగడి కొసతో తుడిచి, కొండల్ వైపు తిరిగాడు. "నువ్వు యాడ పట్టుకున్నవ్ రా?"

"మేక తినబోతుంటే గుంజుకున్న" అన్నాడు కొండల్. జీవితంలో వాడు చెప్పిన అతి చిన్న ముచ్చట అదే.

"మేకనా!" అన్నాడు మామ. ఆయన కళ్ళు మళ్ళీ వెలిగాయి. "ఎంత మేకరా?"

కొండల్ మెల్లగా తలెత్తాడు. "మామూలు మేక గాదు మామా..."

గోపయ్య చెప్పు తొడుక్కుని బురదలోకి నడిచాడు. వెనక నుంచి మామ నవ్వు స్టేషన్ దాటేదాకా వినిపిస్తూనే ఉంది.

రెండేళ్ళకు రామచంద్రయ్య పోయాడు, వీలునామా రాసిపెట్టి. ఇల్లు, దొడ్డి భార్య అనంతమ్మకు. గార్డు సీటీ పెంటయ్యకు, హోటల్లో చాయ్ తయారైతే ఊదుకోమని. ఎర్ర లాంతరు పక్కింటి రుక్కమ్మకు. బిస్కట్ల డబ్బా, అందులో అందరికంటే పైన పిమ్ము దొర, కొండల్‌కు. గోపయ్యకు ఏమీ లేదు. కొండల్ కథలో మాత్రం మేక పెరిగి పెరిగి ఏనుగైంది. పిమ్ము దొరను తొక్కబోతుంటే కొండల్ దాని కాలు ఒంటి చేత్తో ఎత్తి పట్టుకుంటాడు. ఆ ఏనుగు మడమకు ఎద్దు నాడా ఉంటుంది, మూడు మేకులతో.