కుర్చీ చుట్టూ వెలుగు

ఐనవిల్లి పక్క ఊళ్లో హెల్త్ సెంటరు వరండా. నర్సు గోడగడియారం చూస్తూ, రిటైరైన లెక్కల టీచరుగారి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది.

"నలభై ఆరే ఉందండి టీచరుగారూ. కళ్లు తిరుగుతున్నాయాండీ?"

"లేచి నిలబడితే తిరుగుతున్నాయమ్మా."

"గుండె నెమ్మదించడానికి ఇచ్చిన మాత్ర పొద్దున్నొకటి, సాయంత్రమొకటే కదండీ, భోజనంతో?"

"పది రోజుల్నించి సాయంత్రం రెండు వేసుకుంటున్నాను."

"ఎవరు చెప్పేరండీ అలాగ?"

"ఎవరూ చెప్పలేదు. ప్రార్థన చేసుకుని లేచి లైటేస్తే, మా ఆయన కూర్చునే కుర్చీ చుట్టూ వెలుగు కనబడుతోంది. సండేస్కూలు బొమ్మల్లో దేవదూతకి ఉంటుందే, అలాగ. రెండు వేసుకుంటే ఇంకాసేపు ఉంటుందేమోనని."

"అది మాత్ర వల్లేనండి. కొంతమందికి అలాగే కళ్లలో మెరుస్తుందండి."

"ఆయన పోయిన వారానికే కదమ్మా మాత్ర మొదలెట్టేను. ఏది దేనివల్లో నాకు తెలియలేదు."

"నాడి యాభైకన్నా తగ్గితే ఆ మాత్ర వేసుకోకూడదండి, వెంటనే డాక్టరుగారికి చెప్పాలి. నేను ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఆయన చెప్పేదాకా ముట్టుకోకండి."

"ఆయ్."

"వెలుగు సంగతీ చెబుతానండి. మానిపిస్తారో, సగానికి తగ్గిస్తారో."

"చెప్పమ్మా. చెప్పాలి కదా."

"ఇక్కడే కూర్చోండి, లేవకండి."

"అమ్మాయ్, ఫోన్లో ఇదొక్కటి కూడా అడుగు. మాత్ర సగానికి తగ్గిస్తే, వెలుగు సగమన్నా ఉంటుందా?"